సెంటు మడిలో ఎకరం పంట

మార్కాపురం, గిద్దలూరు వైపు ఎర్రగా పండిన మిరప తోటను చూసి మెచ్చుకోని వాళ్లుండరు. అదే తోట కొన్ని నెలల ముందు బోరు పక్కన చిన్న నారుమడిగా ఉన్నప్పుడు దాని వంక చూసేవాళ్లు మాత్రం కనిపించరు. నా మెప్పంతా ఆ మడికే. పడమటి ప్రకాశంలో మిరప, టమాటా, వంగ, ఉల్లి ఇన్నాళ్లు నిలిచాయంటే నారు పోయడం తెలిసిన చేతులే కారణమని నా గట్టి నమ్మకం. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

లెక్క చూడండి. సెంటు అంటే ఎకరంలో వందో వంతు, సుమారు నలభై చదరపు మీటర్లు. ఎకరానికి కావలసిన మిరప నారు ఆరు వారాల పాటు ఆ సెంటులోనే పెరుగుతుంది. అన్నాళ్లూ ఎకరమంతా తడపాల్సిన పని లేదు, సెంటు తడిపితే చాలు. కాలువల కింద రైతుకు ఇది ఒక వెసులుబాటు. వందల అడుగుల లోతుకు బోరు దించి, వచ్చిన కాసిన్ని నీళ్లను కళ్లలో పెట్టుకుని కాపాడుకునే తర్లుపాడు, కొనకనమిట్ల రైతుకు ఇదే బతుకుతెరువు. ఇక్కడివాళ్లు ఆశలన్నీ పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో జరిగింది. అది తెచ్చే శ్రీశైలం నీళ్ల కోసం ఒక తరం ఎదురుచూసింది. ఆ తరం ఊరికే కూర్చోలేదు, బిందెలతో నీళ్లు మోసి నారు పెంచింది.

ఈ విద్య ఎన్నాళ్లదో ఎవరు చెప్పగలరు? కంభం చెరువును విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని పెద్దలంటారు. చెరువు నిండిన ఏడు దాని కింద వరి నారు, చెరువుకు దూరంగా మెట్ట మీద కూరగాయల నారు. పొదిలి వైపు పొగాకు నారు పోసేవాళ్ల నేర్పు కూడా దీనికి తోడైంది. గ్రాముకు పదివేల దాకా తూగే పొగాకు గింజను మడి మీద సమంగా పరచగలిగిన చేతికి మిరప గింజ ఒక లెక్కా!

అసలు పని మే ఎండల్లోనే మొదలవుతుంది. మడి కట్టే చోటును తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగైదు వారాలు వదిలేస్తారు. మన ఎండ అందరినీ బాధిస్తుంది గానీ ఈ ఒక్క పనికి దాన్ని మించినది లేదు. పట్టా కింద మట్టి ఉడికి కలుపు గింజలు, శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. తర్వాత బాగా చివికిన ఎరువు కలుపుతారు. వేసవిలో గొర్రెల మంద కట్టించుకున్న చేనైతే ఇంకా మేలు. పచ్చి పేడ వేస్తే మాత్రం చెదలు, వేరు పురుగులు తోడొస్తాయి.

మడి వెడల్పు మీటరు దాటదు. ఎందుకంటే గట్టున కూర్చున్న మనిషి చెయ్యి రెండు వైపుల నుంచీ నడిమికి అందాలి, మడి మీద కాలు పడకూడదు. ఎత్తు అర అడుగు. వారాల తరబడి చినుకు పడని ఈ సీమలో పడితే ఒక్క రాత్రే కుండపోతగా పడుతుంది. ఆ నీరు మడి మీద నిలిచిందా, తెల్లారేసరికి నారుకుళ్లు పట్టి లేత మొక్కలు మొదట్లో మెత్తబడి పడిపోతాయి. అందుకే ఎత్తు మడి, అందుకే మళ్ల మధ్య కాలువ.

గింజకు స్నానం చేయించడం తర్వాతి పని. మిరప గింజ మీద వైరస్ పోవడానికి లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి, అందులో 20 నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ప్రకృతి సేద్యం చేసేవాళ్లది బీజామృతం: 20 లీటర్ల నీళ్లు, 5 కిలోల ఆవుపేడ, 5 లీటర్ల ఆవు మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి. ఎవరి దారి వారిది. ఏదీ చేయకుండా గింజను నేరుగా మడిలో వేసేవాళ్ల మీదే నాకు కోపం.

ఇక విత్తడం. రాచర్ల వైపు పల్లెల్లో ఈ పనికి పేరుపడ్డ పెద్దమ్మలు ఉన్నారు. మిరప గింజలో సన్నని ఇసుక కలిపి, వేలితో నాలుగు వేళ్ల ఎడంగా గీతలు గీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడుస్తారు. పది రోజులకు మొలక వచ్చాక చూడాలి ఆ మడిని, ఇంటి ముందు ముగ్గు పెట్టినట్టే ఉంటుంది! సూటి రకాలకు, అంటే హైబ్రిడ్ కానివాటికి, ఎకరానికి 650 గ్రాముల విత్తనం అని పుస్తకాల్లో రాస్తారు. ఈ చేతులు పడితే అందులో సగంతోనే ఎకరం నిండుతుంది. గింజ మీద కప్పే మట్టి అరంగుళం మించకూడదు. పైన వరిగడ్డి పరిచి చిల్లుల డబ్బాతో నీళ్లు చల్లుతారు. మొదటి మొలక తల ఎత్తిన పూటే గడ్డి తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే వెలుతురు కోసం సాగి నారు సన్నబడిపోతుంది. ఆ పూట ఏదో పసిగట్టడంలోనే పనితనమంతా ఉంది. నీళ్లు ఉదయమే పోస్తారు, సాయంత్రం తడి రాత్రంతా నిలిచి తెగులును పిలుస్తుంది. విత్తిన తొమ్మిదో రోజున, పదమూడో రోజున లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి తడిపితే నారుకుళ్లు భయం చాలావరకు తీరుతుంది. మడి చుట్టూ రెండు మూడు వరుసల జొన్న వేసి, పైన సన్నకన్ను వల కడితే తెల్లదోమ, తామర పురుగు అంత తేలిగ్గా చొరబడవు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేశాక కూడా మడికి వల కట్టని వాళ్లకు ఏమని చెప్పాలి?

టమాటా నారు 25 నుంచి 30 రోజులకు నాటుకొస్తుంది. వంగకు ముప్పై అయిదు, మిరపకు నలభై, ఉల్లికి నలభై అయిదు దాటాలి. వాన మన లెక్క వినదు గనక అనుభవమున్న రైతు పది రోజుల ఎడంతో రెండు మూడు విడతలుగా నారు పోస్తాడు. ఏ వాన పడినా తగిన వయసు నారు చేతిలో ఉంటుంది. పీకడానికి వారం ముందు నీళ్లు తగ్గించి నారును రాటుదేలుస్తాడు. పీకే రోజు ముందుగా మడి తడిపి, మొదలు దగ్గర పట్టుకుని లాగి, వేళ్లకు తడి గోనె చుట్టి, పొద్దు వాలాక నాటిస్తాడు. మార్కాపురం గాడ్పుకు నిలబడేది అలా పెరిగిన నారే.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. రోడ్డు పక్కన పచ్చ వల కట్టి, 98 గుంతల ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి నారు అమ్ముతున్నారు. ట్రే మీద నాకు పగ లేదు. వేరు తెగదు, విత్తనం వృథా కాదు, నిజాయితీగా పెంచితే మంచి పద్ధతే. కానీ ఆ ట్రేలో ఉన్నది ఏ రకమో, గింజ ఎక్కడిదో ఎవరు చెప్పాలి? పేరు మోసిన హైబ్రిడ్ పేరు చెప్పి ఏదో గింజ మొలిపించి అంటగడితే, చెట్టు నడుమెత్తు పెరిగి కాయ పట్టనప్పుడు గానీ మోసం బయటపడదు. అప్పటికి కౌలు, ఎరువు, మందు, కూలి అన్నీ అప్పులోకి పోయి ఉంటాయి. నీడలోనే పెరిగిన ఆ మెత్తని నారు ఎర్రనేలలో నాటిన మూడోనాటికే తల వాల్చేస్తుంది. రాష్ట్రంలో ఉద్యాన నర్సరీలకు రిజిస్ట్రేషన్ ఉండాలన్న చట్టం 2010లోనే వచ్చింది. చట్టం ఉండీ రైతు మోసపోతుంటే అది సిగ్గుచేటు.

సొంత విత్తనం పోయింది గనకే ఈ గతి పట్టింది. ఒకప్పుడు లాం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకాన్ని రైతు ఏటా తన చేలోనే దాచుకునేవాడు. చేను నడుమ తెగులు లేని చెట్లు గుర్తుపెట్టి, రెండో కోతలో పండు కాయలు ఏరి, నీడన ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో పెట్టేవాడు. టమాటా గుజ్జును ఒక రోజు పులియబెట్టి కడిగితే గింజ శుభ్రంగా విడిపోతుంది. వంకాయ పసుపు పచ్చగా ముదిరేదాకా చెట్టు మీదే వదలాలి. హైబ్రిడ్ గింజ దాచుకుంటే తల్లిలా రాదు. సూటి రకం వస్తుంది. ఇంతటి విద్యను ఒక్క తరంలో చేజార్చుకున్నాం!

జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు సాధించింది చూడండి. తమ ఊళ్లలో పాత విత్తనాలను బతికించి ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతిని 2019లో ఇంటికి తెచ్చుకున్నారు. మహారాష్ట్రలో బడి మొహం చూడని రాహీబాయి పోపెరే కూరగాయల విత్తనాలు కాపాడి పద్మశ్రీ అందుకుంది. మన రాచర్ల, కొమరోలు పెద్దమ్మల చేతి పని వాళ్లకు తీసిపోదు. మన పెద్దమ్మలను అడిగే నాథుడు లేడు, అంతే తేడా.

వ్యవసాయాధికారులకు నా విన్నపం: ప్రతి మండలంలో నారు పోయడంలో పేరున్న ఇద్దరు ముగ్గురిని పిలిచి, కూలి ఇచ్చి, కుర్ర రైతులకు వాళ్ల చేత నేర్పించండి. రైతులకు ఒక మాట. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం ప్రకారం మీ విత్తనం దాచుకోవడం, విత్తుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడం మీ హక్కు. నారు కొనక తప్పకపోతే రిజిస్టరైన చోటే కొనండి, రకం పేరు రాయించిన బిల్లు పంట చేతికొచ్చేదాకా దాచండి. వీలున్నవాళ్లు వచ్చే జూన్‌లో ఒక్క సెంటు మడి మీ చేలో మీరే కట్టండి.