పాటు వేళ నడక

సముద్రతీరానికి వెళ్లడం తెలుగువారికి బాగా అలవాటైన వేడుకే గాని, సముద్రతీరం వెంట నడవడం మాత్రం ఇంకా నేర్చుకోవలసిన విద్యగానే మిగిలి ఉంది. మొక్కజొన్న కండె, మోకాలి లోతు నీళ్లలో నాలుగు ఫొటోలు, దీపాలు వెలిగే వేళకు ఇంటిదారి: ఇంతటితో ముగిసే యాత్రలో తీరం ఒక చోటు మాత్రమే, నడిచేవారికి అది ఒక దారి. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా సాగే సుమారు 25 కిలోమీటర్ల ఒడ్డు ఈ విద్యకు అనువైన పాఠశాల. నగరపు సందడిని, రుషికొండ తీరాన్ని దాటితే, వేసవి సెలవుల్లో సైతం జనం పలచబడే ఇసుక అక్కడ చాలానే దొరుకుతుంది.

ఈ దారిని వెడల్పు చేసేదీ, మూసివేసేదీ ఆటుపోట్లే. నీరు ఒడ్డుపైకి పొంగడాన్ని పోటు అనీ, వెనుదీయడాన్ని ఆటు లేదా పాటు అనీ అంటారు. చంద్రుని ఆకర్షణ ప్రధాన కారణంగా ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది గనుక, ఇవాళ ఉదయం 6 గంటలకు వచ్చిన పాటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పున్నమికి పోటూ పాటూ రెండూ పెరుగుతాయి. గోడమీది క్యాలెండరు తిథిని చెబుతుంది గాని గంటను చెప్పదు. దానికి సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు ఉన్నాయి. అలల ఎత్తు గురించిన హెచ్చరికలను మాత్రం ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ జారీ చేస్తుంది. అది సముద్రమే లేని హైదరాబాదులో ఉండడం ఒక ముచ్చట. పాటు వేళ బయటపడిన తడి ఇసుకలో రేణువుల మధ్య నిలిచిన నీరు వాటిని పట్టి ఉంచుతుంది కాబట్టి నేల గట్టిగా ఉంటుంది; పొడి ఇసుకలో మడమలు కూరుకుపోయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు పావుగంటలోనే అలసిపోతారు. ఇంటిల్లిపాదీ కలిసి నడిచే రోజున ఈ భేదమే రోజంతటినీ నిర్ణయిస్తుంది.

పాటు వేళను ఎండతో కూడా సరిచూసుకోవాలి. మే నెలలో అక్కడ 5.30 లోపే పొద్దు పొడుస్తుంది, 8.30 దాటితే పిల్లల పాదాలు ఇసుకకు ఓర్వలేవు. మధ్యాహ్నం సరుగుడు తోట నీడలో తాటిముంజలతో గడిపి, సాయంత్రం మళ్లీ బయలుదేరడమే మేలు. ఇది తూర్పు తీరం కావడంతో సూర్యుడు నీటిలో మునిగే దృశ్యం ఇక్కడ దొరకదని కొందరు నిరాశపడతారు. అయితే పొద్దు పడమటి కొండల వెనక్కి వాలగానే ఒడ్డుపై నీడ పరుచుకోవడం నడిచేవారికి ఆ దృశ్యానికి మించిన ఉపకారం.

ఆ కొండలు ఖోండలైట్ అనే రూపాంతర శిలతో ఏర్పడ్డాయి. ఖోండు తెగ పేరిట వ్యవహరించే ఆ రాయి శిథిలమై కొట్టుకువచ్చిన గార్నెట్ రేణువులు ఇసుకలో ఎర్రని జీరలుగా, ఇల్మెనైట్ రేణువులు నల్లని జీరలుగా కనిపిస్తాయి. తేలిక ఇసుకను అల తనతో తీసుకుపోగా బరువు రేణువులు అక్కడే మిగిలిపోవడమే ఆ జీరల రహస్యం. పిల్లవాడి చేతికి చిన్న అయస్కాంతం ఒకటిస్తే, గవ్వలు ఏరడానికి పట్టే సమయమంతా నల్లని రేణువులు ఏరడానికే పడుతుంది. పాఠ్యపుస్తకం ఏ అధ్యాయంలోనూ ఇంత బాగా చెప్పని భూగర్భశాస్త్రం ఇది.

ఈ దారిలోనే మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. దాని ఎదుటి కొండే తొట్లకొండ. వాననీటిని నిలుపుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు పొందిన ఈ బౌద్ధ క్షేత్రం 1976లో నౌకాదళపు విమాన సర్వేలో వెలుగులోకి వచ్చింది. ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. ఇనుప ఆక్సైడు పూతతో ఎరుపెక్కిన ఇసుకను వాననీరు కోసి, లోతైన గండ్లుగా మలచిన భూభాగమిది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. ఫొటోల కోసం వాలుల మీదికి ఎక్కిన ప్రతి పాదం ఆ వదులు మట్టిని కిందికి జార్చి, వాన చేసే పనిని తొందరపెడుతుంది; గండ్ల అడుగున నడిచి చూస్తే చాలు. చివరన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం, అక్కడి పాత డచ్చి సమాధులు ఆనాటి రేవు వ్యాపారాన్ని గుర్తుచేస్తాయి.

స్నానం విషయంలో మాత్రం ఈ తీరం నమ్మదగినది కాదు. ఒడ్డును తాకిన నీరు ఒక సన్నని పాయగా కూడి వేగంగా లోపలికి మళ్లడాన్ని రిప్ కరెంట్ అంటారు. అలలు విరిగే తెల్లని నురుగు వరుసలో ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తే, కొత్తవారు క్షేమమని భ్రమపడి దిగేది సాధారణంగా ఆ పాయలోనే. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది గనుక, వేసవిలో ఆ తీరమంతటా మత్స్యకారులు పడవల నీడన వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. నీళ్లలో అడుగుపెట్టే ముందు వారిని ఒక్క మాట అడగండి. వద్దంటే ఆ పూటకు నడకతోనే సరిపెట్టుకోండి.