నాచు మీద కప్ప, నాచు కింద కొర్రమీను

అమెరికా వాళ్ల వీడియోలు చూసి గాలం కట్టె కొనేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. చేవెళ్ల కుంటల్లో బాస్ చేప లేదు. మొయినాబాద్ చెరువుల్లోనూ లేదు, గండిపేటలోనూ లేదు. ఆ వీడియోల్లో నోరు బార్లా తెరిచి నీళ్లమీదికి ఎగిరే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. అయితే అక్కడ ఆ చేప చేసే పనే ఇక్కడ చేసేది మరొకటుంది. నాచు నీడలో కదలకుండా పొంచి ఉండి, పైన కప్పో పరకపిల్లో కదిలితే ఒక్క ఉదుటున మింగేస్తుంది. అదే కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. బాస్ కోసం తయారైన సరంజామాలో సగం దీనికి భేషుగ్గా పనికొస్తుంది. మిగతా సగం వల్ల బాగుపడేది అమ్మేవాడే. ఏ సగం మనకు కావాలో తేల్చుకోవడానికి దుకాణం కంటే ముందు చెరువు గట్టెక్కాలి.

ఈ ప్రాంతంలో నీళ్లు రెండు రకాలు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటలో చేరుతుంది, ఈసీ హిమాయత్‌సాగర్‌లో చేరుతుంది. 1908 వరద హైదరాబాదును ముంచెత్తాక, విశ్వేశ్వరయ్య సలహాతో మొదలైన ఏర్పాట్లలో భాగంగా కట్టినవే ఈ రెండు జలాశయాలు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ ఆ రెంటి నడుమ ఉంది. ఈ జలాశయాలకు నీళ్లు తెచ్చే నేల మీద భారీ కట్టడాలు రాకూడదని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 ఊళ్లు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు తీసేస్తూ జీవో 69 వచ్చింది. గాలం వేసేవాడికి ఈ జీవోల గొడవ ఎందుకంటారా? పెద్ద జలాశయం నడి నీళ్లు బొచ్చెలవి, రవ్వలవి. కొర్రమీను ఇల్లు మాత్రం ఊరి కుంట: మోకాలు నుంచి నడుము లోతు, ఒడ్డున తుంగ, జమ్ము, మధ్యలో తామరాకు, మూలన గుర్రపుడెక్క. వెంచర్ వేసేటప్పుడు మొదట మట్టి పడేది అలాంటి కుంటలోనే.

దీని అలవాట్లు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కొర్రమీనుకు మొప్పలు మాత్రమే చాలవు. పెద్ద చేప కొంతసేపటికోసారి పైకొచ్చి గాలి మింగి తీరాలి. పైకి రానీకుండా నీళ్లలోనే అదిమి ఉంచితే చచ్చిపోతుంది. అందుకే గట్టు మీద ఓపికగా కూర్చుంటే తన జాడ తానే చెబుతుంది. తామరాకుల సందులో మూతి ఒక్కసారి పైకి లేస్తుంది, చిన్న సుడి తిరుగుతుంది, ఒకటో రెండో బుడగలు తేలతాయి, అంతే. గంటసేపు ఊరికే చూస్తే ఆ మూలన ఎన్ని చేపలున్నాయో, ఎంత లావువో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. రాగానే కట్టె విప్పి విసరడం మొదలుపెట్టేవాళ్లకు ఈ గంట దండగలా కనిపిస్తుంది. నా లెక్కలో ఆ రోజు పనంతా ఆ గంటలోనే ఉంది.

ఈ సంగతి ముదిరాజులకూ గంగపుత్రులకూ తరాలుగా తెలుసు. పాత పద్ధతిలో పొడుగాటి వెదురుకట్టె, దాని కొసకు గట్టి దారం, ఒకే ఒక్క కొక్కెం ఉంటాయి, రీలు ఉండదు. చిన్న కప్పను వెనక తొడ దగ్గర తోలుకు గుచ్చి, నాచులో పళ్లెమంత ఖాళీ ఎక్కడుంటే అక్కడ నీళ్లకు తాకీ తాకనట్టు ఆడిస్తారు. దించడం, ఎత్తడం, మళ్లీ దించడం. కప్ప కాళ్లు కొట్టుకుంటే నీళ్లలో పుట్టే అలజడి చేప ఒంటిపక్కనున్న గీతకు తెలుస్తుంది. బురద నీళ్లలో కళ్లకు ఏమీ కనపడకపోయినా ఆ గీత మోసపోదు. ఇంకో పద్ధతి రాత్రిది. పొద్దుగూకే వేళ తుంగ అంచున పొట్టి కట్టెలు పాతి, ఒక్కోదానికి పరకపిల్లను వీపుకు గుచ్చి వదిలేసి, తెల్లారకముందే వచ్చి తీసుకుంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో అధికారిగా పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా' అచ్చువేశాడు. మన చేపల గురించి దొరలు రాసిన తొలి పెద్ద గాలం పుస్తకాల్లో అదొకటి. ఆయనకు తెలిసినదానికంటే గట్టు మీద కప్పను ఆడించే మనిషికి తెలిసింది తక్కువేమీ కాదు. కాకపోతే ఈయన పుస్తకం రాయలేదు.

ఇప్పుడు బాస్ సరంజామాకు వద్దాం. అందులో మనకు పనికొచ్చే వస్తువుల్లో మొదటిది రబ్బరు కప్ప. లోపల డొల్ల, కింద జంట కొక్కెం, దాని మొనలు రెండూ పైకి తిరిగి కప్ప ఒంటికి ఆనుకుని ఉంటాయి. అందువల్ల నాచు మీదుగా లాగినా గడ్డి పట్టుకోదు. చేప కరిచినప్పుడు ఒళ్లు నొక్కుకుపోయి మొనలు బయటపడతాయి. వెదురుకట్టె కింద ఆడే నిజం కప్ప చేసే పనే ఇది, కాకపోతే ముప్పై గజాల దూరం దాకా చేస్తుంది, ఒక ప్రాణాన్ని గుచ్చే పని తప్పిస్తుంది. కొన్నదాన్ని కొన్నట్టే వాడకండి. రబ్బరు కాళ్లు మరీ పొడుగుంటే చేప కాళ్లనే పట్టి వదిలేస్తుంది, రెండింటినీ సమానంగా కత్తిరించాలి. కొక్కెం మొనలను పట్టకారుతో వెంట్రుకవాసి పైకి వంచితే పట్టు దొరుకుతుంది. నాలుగైదు విసుర్లకోసారి కడుపు నొక్కి నీళ్లు పిండేయాలి. నీళ్లు నిండిన కప్ప వెనక్కి కుంగి, చచ్చినదానిలా వస్తుంది.

రెండోది దారం. తంగూసు అని మనవాళ్లు పిలిచే నైలాన్ దారం సాగుతుంది. ఖాళీ నీళ్లలో రవ్వను ఆడించడానికి ఆ సాగుడు మంచిదే. దట్టమైన నాచులో కొర్రమీను దవడ ఎముకలోకి లావు కొక్కెం దిగాలంటే మాత్రం సాగని అల్లిక దారం కావాలి, నలభై యాభై పౌండ్లది. అది చేప బరువుకు కాదు, చేపతోపాటు వచ్చే గడ్డి మోపుకు. కట్టె ఆరున్నర నుంచి ఏడడుగులు, కొస కాస్త వంగుతూ మొదలు బిర్రుగా ఉండేది చాలు. రీలు దగ్గరే జనం డబ్బు తగలేస్తారు. కట్టె పైన కూర్చునే బెయిట్‌కాస్టింగ్ రీలు బాస్ వేటగాళ్ల ముద్దుబిడ్డ. దాని మూలరూపాన్ని 1800ల తొలి దశాబ్దాల్లో కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు తయారుచేశాడు. గురి బాగా కుదురుతుంది నిజమే. బొటనవేలు అలవాటు పడేదాకా విసిరినప్పుడల్లా దారం గూడు కట్టుకుని కూర్చుంటుంది, చిక్కు విప్పేసరికి పొద్దెక్కుతుంది. కొత్తవాళ్లకు కట్టె కింద వేలాడే మామూలు స్పిన్నింగ్ రీలే నయం.

దారానికి కప్పను కట్టే ముడి చూద్దాం. అల్లిక దారం నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముళ్లు జారిపోతాయి. దారాన్ని జానెడు మడిచి ఆ మడతను కొక్కెం కన్నులోంచి దూర్చాలి. దూర్చిన మడతతో అసలు దారం చుట్టూ వదులుగా ఒక ముడి వేయాలి. మిగిలిన ఉచ్చులోంచి కప్పను మొత్తంగా దాటించాలి. ఉమ్మితో తడిపి, రెండు కొసలూ కలిపి మెల్లగా బిగించాలి. పాలొమార్ ముడి అంటారు. చీకట్లో కూడా వేయగలిగేదాకా ఇంట్లో కూర్చుని సాధన చేయడం మంచిది.

మిగతా బాస్ ఎరల సంగతి రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. మూడు మొనల కొక్కేలు వేలాడే చెక్కచేపలు మన కుంటల్లో ప్రతి విసురుకూ గంపెడు పాచి తెస్తాయి. వానలకు నీళ్లు నిండి, తూము ముందు ఖాళీ దొరికిన రోజుల్లోనే వాటికి పని. 1949లో ఒహాయోలో నిక్ క్రీమ్ తయారుచేసిన ప్లాస్టిక్ వానపాము అమెరికాలో బాస్ వేటనే మార్చేసింది. కొక్కెం మొనను దాని ఒంట్లోనే దాచి గుచ్చితే తుంగ మొదళ్లలో వాడుకోవచ్చు. కొర్రమీను పళ్లకు ఒకటి రెండు కాట్లలోనే తునకలవుతుంది, ఆ ఖర్చుకు సిద్ధపడాలి.

విసిరేటప్పుడు చేప కనిపించిన చోట వేయకూడదు. దానికి అవతల రెండు మూడు గజాల దూరంలో ఆకు మీదో ఒడ్డు మట్టి మీదో పడేసి, అక్కడినుంచి మెల్లగా నీళ్లలోకి దింపాలి. ఖాళీ దగ్గరికి రాగానే ఆపాలి. చుట్టూ లేచిన అలలు సద్దుమణిగేదాకా ఆపే ఉంచాలి. చాలాసార్లు కాటు పడేది మళ్లీ కదిలించిన క్షణానే. 'చప్' మని చప్పుడొచ్చి కప్ప మాయమవుతుంది. ఆ చప్పుడు వినగానే కట్టె లాగితే కప్ప ఎగిరొచ్చి మన ముఖానికే తగులుతుంది. కొర్రమీను మొదట పట్టుకుంటుంది, పక్కకు తిరుగుతూ మింగుతుంది. దారంలో బరువు చేతికి తెలిసేదాకా ఆగాలి. నిజం కప్పయితే ఇంకా ఎక్కువసేపు. తెలిశాక మటుకు మొహమాటం వద్దు, నడుము తిప్పి ఒక్క గుంజు గుంజి, చేప తల నీళ్ల పైకి ఉండేలా ఆపకుండా లాగాలి. ఒక్కసారి తల కిందికి పెట్టనిచ్చామా, తామర తూళ్ల చుట్టూ తిరిగి చుట్టేసుకుంటుంది.

ఒడ్డుకొచ్చాక బాస్ వీడియోలు నేర్పిన ఒక అలవాటు మానుకోవాలి. వాళ్లు చేపను కింది పెదవి దగ్గర బొటనవేలు పెట్టి ఎత్తి చూపిస్తారు. బాస్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి కాబట్టి వాళ్లకు చెల్లుతుంది. కొర్రమీను నోట్లో వేలు పెడితే రక్తం కారుతుంది. తడి చేత్తో తల వెనక బిగించి పట్టుకుని పట్టకారుతో కొక్కెం తీయాలి. సంచీ మూతి కట్టకుండా పక్కన పెడితే దుమ్ములో పాకుతూ నీళ్లవైపే పోతుంది. గాలి పీల్చే చేప కదా, తడి గోనెసంచిలో గంటల తరబడి బతికే ఉంటుంది. ముళ్లు తక్కువ, బజారుకు ప్రాణంతోనే వస్తుంది, అందుకే బొచ్చె, రవ్వల ధరకు దాని ధర అందదు.

కాలం సంగతి. చలికాలం పొద్దున్నే పోయి లాభం లేదు, ఎండెక్కి నీళ్లు వెచ్చబడ్డాకే కదులుతుంది. వేసవిలో కుంట ఇంకిపోయి చేపలన్నీ ఒక మడుగులో ఇరుక్కున్నప్పుడు పట్టడం గాలం పని అనిపించుకోదు. మృగశిర కార్తె మొదలైతే చేపల బజారు కిటకిటలాడుతుంది. ఆ రోజు చేప తినాలన్నది ఇక్కడి ఇళ్లలో ఆనవాయితీ. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందులో మింగించేదీ కొర్రమీను పిల్లనే. సరిగ్గా ఆ తొలకరితోనే అది గుడ్లు పెట్టే ప్రధాన కాలం మొదలవుతుంది. ఒడ్డు గడ్డిలో గుండ్రంగా చోటు చదునుచేసి గుడ్లు పెడుతుంది. పసుపు రంగులో పైకి తేలే ఆ గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలవుతాయి. నారింజ రంగు పిల్లలు వందల కొద్దీ ఒకే ముద్దగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా కాస్తాయి. ఆ ముద్ద మీద కప్పను వేస్తే కాటు గ్యారంటీ. ఆకలి వల్ల కాదు, పిల్లలను కాపాడుకోవడానికే కరుస్తుంది. ఈ కిటుకును పెద్ద విద్యలా చెప్పుకునేవాళ్లున్నారు. నేను దాన్ని వేటగా ఒప్పుకోను. పెద్దవి పోయిన గంటకు ఆ ముద్దను మట్టగిడిసలూ కొంగలూ ఊడ్చేస్తాయి.

గట్టు మీదికి వెళ్లే ముందు మత్స్య సహకార సంఘం వాళ్లను అడగడం మర్యాద మాత్రమే కాదు, చెరువులో చేపల మీద హక్కు వాళ్లది. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చెరువుల్లో వదులుతున్నది బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి పిల్లలను. వాటిని తినే కొర్రమీను అంటే సంఘంవాళ్లకు కోపం, దాని ధర అంటే ఇష్టం. రెండూ ఉన్నాయి కాబట్టి "అన్నా, కొర్రమీనుకే వేస్తాం, మిగతావి వదిలేస్తాం" అంటే చాలాచోట్ల బేరం కుదురుతుంది. గండిపేట, హిమాయత్‌సాగర్‌లది తాగునీరు, అక్కడ సంగతి వేరు, అనుమతి లేకుండా దిగకూడదు. తెగిన దారం ఎక్కడా వదలొద్దు, నీటికాకుల కాళ్లకు అదే ఉరి.

సొంత ఫామ్‌హౌస్ కుంటలో అమెరికా బాస్‌ను తెచ్చి వదిలితే ఎలా ఉంటుందని సరదాపడేవాళ్లు జపాన్ వైపు చూడాలి. 1925లో అకాబోషి తెత్సుమా అనే పెద్దమనిషి ఆషి సరస్సులో బాస్‌ను వదిలాడు. తర్వాత అది దేశమంతా పాకి బివా సరస్సులో స్థానిక చేపలను తినేసింది. 2005లో జపాన్ దాన్ని హానికర పరాయి జాతుల చట్టం కిందికి తెచ్చింది. ఇదే కథ అమెరికాలో తిరగబడి నడిచింది. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ దగ్గర ఒక చిన్న కుంటలో మన కొర్రమీను దాయాది, తూర్పు ఆసియా రకం స్నేక్‌హెడ్ దొరికింది. ఆ కుంటకు మందు పెట్టి చేపలన్నిటినీ చంపారు. అదే ఏడాది ప్రాణమున్న స్నేక్‌హెడ్‌లను దిగుమతి చేసుకోవడం, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడం నిషేధించారు. అయినా 2004 నాటికి పొటోమాక్ నదిలో తేలింది. ఇప్పుడు అక్కడి బాస్ వేటగాళ్లు అదే రబ్బరు కప్పతో దాని వెంట పడుతున్నారు. ఆ ఒడ్డున గాలం వేసే మనవాళ్లెవరైనా ఉంటే లైసెన్సు తీసుకోవాలి, ఇంటికి తెచ్చుకునేముందు చేపను అక్కడే చంపాలి.