రంగురాయికి ఏ కెమెరా?

మా నర్సీపట్నంలో రంగురాళ్ల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు కరక కొండ పేరు తీస్తారు. గొలుగొండ మండలంలోని ఆ కొండ పేపర్లోకి ఎక్కిందంటే తవ్వకాల వార్తే. అక్కడి రాళ్లలో పేరుపడ్డవి క్రైసోబెరిల్ జాతివి: మనం వైడూర్యం అనే పిల్లికన్ను రాయి, దాని చుట్టమైన అలెగ్జాండ్రైట్.

తాతగారు ఎప్పుడో ఏరి అగ్గిపెట్టెలో దాచిన రాళ్లను ఫొటోలు తీయాలని ఈమధ్య ఓ కుర్రాడు వచ్చాడు. కందిగింజంతవి, మహా అయితే శనగగింజంతవి. "ఫుల్‌ఫ్రేమ్ కెమెరా తీసుకుందామనుకుంటున్నా మాస్టారూ, ఏ కంపెనీది మంచిది?" అన్నాడు. ముందు దీపం కొను, తర్వాత స్టాండు, ఆ మిగిలిన డబ్బుతో కెమెరా చూద్దాం అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

అలెగ్జాండ్రైట్ సంగతే చూడండి. 1830ల్లో రష్యాలోని యూరల్ కొండల్లో బయటపడితే, అప్పటి యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టారు. ఎండలో పచ్చగా ఉంటుంది, ఫిలమెంటు బల్బు కింద ఎర్రబడుతుంది. ఇందులో మాయేమీ లేదు. రాతిలో ఉన్న కాస్తంత క్రోమియం పసుపు వెలుగును మింగేసి, ఆకుపచ్చనూ ఎరుపునూ వదిలేస్తుంది. ఎండలో ఆకుపచ్చ పాలు ఎక్కువ, బల్బులో ఎరుపు పాలు ఎక్కువ. అంతే.

ఇప్పుడు దీన్ని కెమెరాకు చూపించండి. ఆటో వైట్‌బ్యాలెన్స్ పెట్టి ఉంటే, ఏ వెలుగైనా తెల్లగానే ఉండాలని అది పట్టుబడుతుంది. రాయి రంగు మార్చుకుంటుంటే కెమెరా దాన్ని సర్దేస్తుంటుంది. కాబట్టి కొనేముందు అడగాల్సింది మెగాపిక్సెళ్లు ఎన్నని కాదు, వైట్‌బ్యాలెన్స్‌ను చేత్తో పెట్టుకోవచ్చా అని. ఎండకు 5500 కెల్విన్, బల్బుకు 2800 దగ్గర పెట్టి, రా ఫైలుగా తీయండి. ఫోన్లలోనూ కొన్నింటికి ప్రో మోడ్‌లో ఈ సౌకర్యం ఉంది.

2015లో ఉజాలా పథకం వచ్చాక ఇళ్లలో ఫిలమెంటు బల్బులు మాయమయ్యాయి, అదొక చిక్కు. ఎల్‌ఈడీ కింద ఈ రాయి అటూ ఇటూ కాని రంగులో నిలబడుతుంది. పాత బల్బు దొరక్కపోతే కొవ్వొత్తి వెలిగించండి, సరిపోతుంది.

వైడూర్యానిది ఇంకో తిక్క. లోపలి సన్నని పోగుల మీద వెలుగు పడి తెల్లని గీతగా తిరిగొస్తుంది. దానికి ఒకే ఒక్క చిన్న టార్చి, పైనుంచి కావాలి. మెత్తని వెలుగు కోసమని తెల్లగుడ్డ అడ్డం పెట్టారా, గీత పలచబడిపోతుంది. గుమ్మటంలా సానపట్టని ముడిరాయిలో అది సరిగా కనిపించదు కూడా, కెమెరాను తిట్టకండి.

ఇక ఫుల్‌ఫ్రేమ్. దాని సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు. మ్యాక్రో లెన్సు 1:1లో, అంటే రాయి బొమ్మ రాయి అంతే సైజులో సెన్సారు మీద పడేలా పెట్టినా, 6 మిల్లీమీటర్ల రాయి ఫొటో వెడల్పులో ఆరో వంతే. ఏపీఎస్-సీ సెన్సారు సుమారు 24 మిల్లీమీటర్లు, అదే రాయి నాలుగో వంతు నింపుతుంది, ధరా తక్కువ. ఫుల్‌ఫ్రేమ్‌లో 1:1 దగ్గర, ఎఫ్/8లో స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు. ఎఫ్/22కు పోతే లోతు పెరుగుతుంది గానీ ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. అందుకే ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ పది ఇరవై తీసి కంప్యూటర్లో కలుపుతారు. ఊపిరి తీసినా కదిలిపోయే పని ఇది. స్టాండు ముందన్నది అందుకే.

ఓఎమ్ సిస్టమ్ వాళ్ల టీజీ-7 లాంటి బుల్లి కెమెరాలు సెంటీమీటరు దూరం నుంచే తీస్తాయి, ఫొటోల్ని తామే కలుపుతాయి. గింజలకీ నత్తగుల్లలకీ బ్రహ్మాండం. మెరిసే రాయికి మాత్రం నేను వద్దంటాను. అంత దగ్గరికెళ్తే లెన్సు నీడే రాయి మీద పడుతుంది, టార్చికి చోటుండదు. 90 లేదా 100 మిల్లీమీటర్ల మ్యాక్రో అయితే లెన్సుకీ రాయికీ మధ్య దాదాపు 5 అంగుళాలు మిగులుతుంది. పాత ఏపీఎస్-సీ బాడీ, సెకండ్‌హ్యాండ్ మ్యాక్రో లెన్సు, ఇదీ నా ఓటు. కొనేముందు లెన్సులోకి టార్చి వేసి బూజు చూడండి. ఈ మన్యం గాలి తేమకు అద్దాలు ఊరికే పాడవుతాయి.

రాయి పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఒక ఫొటో తీసుకోండి. దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, రాయి ఎంతుందో చూసేవాళ్లకు తెలుస్తుంది. ఏ వెలుగులో తీశారో కింద రాయండి. ఫొటోల కోసమని కొత్త రాళ్లకు కరక వైపు మాత్రం బయల్దేరకండి. అది రిజర్వు అడవి, అక్కడ తవ్వడం నేరం.