భుజపు నొప్పి: ఒక సిద్ధాంతముపై విమర్శ

బడి పుస్తకములలో భుజమునకు సాధారణముగా దొరకు చోటు ఒక్క వాక్యమే. కీళ్ల రకములను చెప్పునపుడు బంతిగిన్నె కీలునకు ఉదాహరణముగా భుజమును, తుంటిని పేర్కొని విడిచిపెట్టుదురు. ఇది అసత్యము కాదు. కాని చేయి పైకెత్తుట ఎట్లు జరుగునో, ఎత్తలేనపుడు లోపమెక్కడ నుండవచ్చునో దీనివలన తెలియదు. సులభమైన బొమ్మను పూర్తి సత్యముగా నమ్మినచో చికిత్సకూడ ఎట్లు దారితప్పునో భుజపు నొప్పి చరిత్రమే మనకు చూపుచున్నది.

మొదట నిర్మాణమును చూతము. తుంటిలో గిన్నె లోతైనది. తొడ ఎముక తల దానిలో బాగుగా ఇమిడియుండును. భుజమున గిన్నె లోతు మిక్కిలి తక్కువ. చిన్న పళ్లెమునకు ఆనించిన బత్తాయివలె దండచేయి ఎముక తల దానిపై నిలుచును. అది జారకుండ పట్టియుంచునవి ముఖ్యముగా నాలుగు కండరములు, వాని స్నాయువులు. వీనిని కలిపి రొటేటర్ కఫ్ అందురు. పైగా ఈ గిన్నె గల రెక్క ఎముకయే కదలుచుండును. చేయి 180 డిగ్రీలు ఎత్తునపుడు సుమారు 120 డిగ్రీలు భుజపు కీలునందును, 60 డిగ్రీలు రెక్క ఎముక తిరుగుటవలనను లభించునని 1944లో ఇన్‌మన్, ఆయన సహచరులు చూపిరి. దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక విద్యార్థి చేతిని ప్రక్కనుండి మెల్లగా పైకెత్తుచుండగా, మరియొకడు అతని రెక్క ఎముక క్రింది మూలపై వ్రేలుంచినచో ఆ మూల బయటివైపునకు జరుగుట తెలియును.

ఇక సిద్ధాంతము. రెక్క ఎముకలో కొంత భాగము భుజముపై కప్పువలె ముందుకు వచ్చియుండును. దానిని ఆక్రోమియన్ అందురు. 1972లో అమెరికా శస్త్రవైద్యులు చార్లెస్ నీర్, 100 రెక్క ఎముకలను పరిశీలించి, చేయి ఎత్తినపుడు స్నాయువు ఈ కప్పు అడుగున రాచుకొనుటవలననే నొప్పియు, కాలక్రమమున చిరుగును కలుగునని ప్రతిపాదించిరి. కప్పు అడుగును కొంత చెక్కివేసినచో బాధ తీరునని తలచిరి. ఈ రాపిడికి ఇంపింజ్‌మెంట్ అను పేరు స్థిరపడెను.

ఈ వివరణ వెంటనే మనస్సునకు పట్టును. వానకాలమున ఉబ్బిన తలుపు ద్వారబంధమునకు ఒరసికొన్నచో వడ్రంగి చిత్రిక పట్టును గదా! అయితే ఇందు మూడు లోపములు కలవు. మొదటిది: ఎముకపై అరుగుదల గుర్తు కనబడుట వేరు, నొప్పికి అదియే కారణమని నిరూపించుట వేరు. రెండవది: చిరుగు గల ప్రతివారికిని నొప్పి యుండదు. భుజమున ఏ బాధయు లేని 96 మందిని ఎం.ఆర్.ఐ. ద్వారా పరీక్షింపగా 34 శాతము మందిలో చిరుగులు కనబడినట్లు 1995లో ప్రకటింపబడినది. మూడవది: శస్త్రచికిత్స తరువాత నొప్పి తగ్గినంత మాత్రమున చెక్కుటవలననే తగ్గినదనరాదు. కాలము, విశ్రాంతి, తరువాత చేయించిన వ్యాయామము, రోగి విశ్వాసము, ఇవన్నియు అందు కలిసియున్నవి. పోల్చిచూచుటకు మరియొక వర్గము లేనిచో ఏది పనిచేసినదో తెలియదు.

అట్టి పోలిక జరుగకమునుపే ఈ చికిత్స వ్యాపించెను. ఇంగ్లండులో 2000లో సుమారు 2,500 గా నున్న ఈ శస్త్రచికిత్సలు 2010 నాటికి 21,000 దాటినవి. సిద్ధాంతము వెలువడిన నలుబది యేండ్ల తరువాత గాని సరియైన పరీక్ష జరుగలేదు. బ్రిటనులో 313 మందిని మూడు వర్గములు చేసిరి: ఒక వర్గమునకు ఎముక చెక్కిరి, రెండవ వర్గమునకు గొట్టము పెట్టి లోపల చూచి, చెక్కకయే ముగించిరి, మూడవ వర్గమునకు ఏ చికిత్సయు చేయలేదు. 2018లో లాన్సెట్ పత్రిక ముద్రించిన ఫలితము ప్రకారము మొదటి రెండు వర్గములకు భేదము లేదు. చికిత్స లేనివారికంటె వీరికి కలిగిన మేలుకూడ రోగికి చెప్పుకోదగినంత కాదు. అదే సంవత్సరము ఫిన్లండులో 210 మందిపై జరిపిన పరీక్షయు చెక్కుటవలన అదనపు లాభము చూపలేదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల సంఘము ఈ శస్త్రచికిత్స వలదని గట్టిగా సూచించెను.

వ్యాయామ చికిత్స చేయువారు దీనిని తమ విజయముగా భావింపరాదు. బ్రిటనులోనే 708 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, పలుమార్లు పిలిపించి క్రమముగా పెంచిన వ్యాయామము, ఒక్కసారి చక్కగా బోధించి యింట చేయుమన్న వ్యాయామముకంటె మిన్న కాలేదు. వ్యాయామము నిరర్థకమని దీని యర్థము కాదు. సరిగా వివరించి చెప్పుటయే చికిత్సలో పెద్ద భాగమని గ్రహింపవలెను.

పేరు తొందరగా పెట్టుటలో మరియొక ప్రమాదము కలదు. 1934లో కాడ్‌మన్ ఫ్రోజెన్ షోల్డర్ అని పేర్కొన్న వ్యాధిలో కీలు చుట్టునున్న సంచి దళసరియై బిగిసికొనును. మధుమేహము గలవారికి ఇది ఎక్కువగా వచ్చును. గుర్తుపట్టుటకు సులభమైన పరీక్ష యున్నది. మోచేతిని ప్రక్కకు ఆనించి మడచి, ముంజేతిని బయటివైపు త్రిప్పవలెను. రోగి స్వయముగా త్రిప్పలేకపోవుటయే గాక, పరీక్షించువారు త్రిప్పినను కదలనిచో కీలు బిగిసినదని అనుమానింపవచ్చును. అయితే కీలు అరిగినపుడును ఇట్లే యుండును గనుక ఎక్స్‌రే తీసి చూతురు. స్నాయువు చిరిగినవారిలో అనేకులకు స్వయముగా ఎత్తుట కష్టమైనను, ఇతరులు ఎత్తినపుడు చేయి లేచును. ఈ భేదమును విచారింపక అందరికి ఒకే వ్యాయామము చెప్పుట తగదు. క్రిందపడిన వెంటనే చేయి లేవకున్నను, జ్వరముతో కీలు వాచినను ఆలసింపక వైద్యుని చూడవలెను. ఎడమ భుజపు నొప్పితోబాటు ఛాతిలో బరువు, చెమట ఉన్నచో అది గుండెజబ్బు కావచ్చును గనుక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

నీర్ గారి పరిశీలన శ్రద్ధతో చేసినదే. దోషము పరిశీలనలో లేదు. దానినుండి చికిత్సకు దూకిన వేగములో నున్నది. నల్లబల్లపై వ్రాయుటకు చేయి ఎత్తలేని ఉపాధ్యాయునకు "ఎముక రాచుకొనుచున్నది" అని చెప్పినచో, అతడు చేతిని కదల్చుటకే భయపడును. కావున భుజమును బోధించువారు బంతిగిన్నె బొమ్మతో ఆగక, కదలు రెక్క ఎముకను, పట్టియుంచు కండరములనుకూడ చూపవలెను. ఏ చికిత్సనుగూర్చి విన్నను "దేనితో పోల్చి చూచిరి?" అని యడుగుట విద్యార్థులకు అలవాటు చేయవలెను.