నగరం కొట్టుకు అప్పగించిన వంటలు

హైదరాబాద్‌లో పేరుమోసిన తినుబండారాల దుకాణాలను వాటి వయసును బట్టో, ముందు నిలబడిన జనాన్ని బట్టో అంచనా కట్టడం పరిపాటి. అయితే ఇంటి వంటగదికి చేతకాని ఏ పనిని ఆ దుకాణం ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేస్తున్నదన్నదే దాని విలువను తేల్చే సరైన కొలత. ఇంట్లో అంతకంటే రుచిగా వండుకోగలిగిన పదార్థాన్ని అమ్మే కొట్టు ఎంత పాతదైనా, ఎంత మెరిసినా ఈ లెక్కలోకి రాదు.

ఈ కొలతకు నిలిచే వాటిలో మొదట చెప్పవలసినది మొజంజాహీ మార్కెట్ దగ్గరి హమీదీ మిఠాయి దుకాణం. ఏడో నిజాం రెండో కుమారుడి పేరిట 1935లో వెలసిన ఆ రాతి కట్టడం పరిసరాలు పండ్లకూ అత్తరుకూ ఐస్‌క్రీముకూ ఎంత ప్రసిద్ధమో, ఈ దుకాణపు జౌజీ హల్వాకూ అంత ప్రసిద్ధం. ముదురు గోధుమరంగులో, నేతితో నిగనిగలాడుతూ, జాజికాయ వాసన వేసే ఈ హల్వాకు ఆధారం సమనక్, అంటే గోధుమలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండి. పసిపిల్లల కోసం మొలకెత్తిన రాగులతో మాల్టు చేసుకునే తెలుగు ఇళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. గింజ మొలకెత్తేటప్పుడు అందులో పెరిగే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది కాబట్టి, పిండికి సొంత తీపి అబ్బడమే కాక, మామూలు గోధుమపిండిలా జిగురుగా బిగుసుకుపోయే గుణం తగ్గుతుంది. ఆ పిండిని పాలు, పంచదార, నెయ్యితో కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి గరిటె ఆపకుండా తిప్పుతూ ఉంటే నీరంతా ఇగిరి, పాలలోని మాంసకృత్తులు చక్కెరతో కలిసి మాగి, ఆ రంగూ కొద్దిపాటి చిరుచేదూ పుట్టుకొస్తాయి. మొక్కజొన్న పిండితో గడ్డకట్టించి, రంగు కలిపి, రబ్బరులా సాగేటట్లు చేసే హల్వాలకూ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

కాలాన్నే దినుసుగా వాడుకునే మరో వంటకం హలీం. నగరపు దక్షిణ భాగంలోని బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ ప్రాంతపు అరబ్బు కుటుంబాలు ప్రధానంగా గోధుమ, మాంసంతోనే వండుకునే హరీస్ దీనికి మూలరూపం కాగా, పప్పులూ మసాలాలూ నెయ్యీ చేరి అది హైదరాబాదీ హలీంగా స్థిరపడింది. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. రంజాన్ మాసంలో దుకాణాల ముందు ఇటుకలతో, మట్టితో కట్టే భట్టీల్లో పెద్ద పాత్రలను దించి, కింద కట్టెల మంట పెట్టి, పది పన్నెండు గంటలు ఉడికిస్తారు. అంత సేపటికి మాంసంలోని కొలాజెన్ కరిగి జిలాటిన్‌గా మారుతుంది, గోధుమ పగిలి చిక్కబడుతుంది. అప్పుడు ఘోట్నా అనే పొడవాటి కర్ర రోకళ్లతో మనుషులు ఎదురెదురుగా నిలబడి దంచుతారు. ఈ దంపుడులోనే అసలు విద్య ఉంది: రోకలి మాంసపు పోగులను నలిపి విడదీస్తుందే గాని తెంచదు, కనుక గరిటెతో ఎత్తినప్పుడు హలీం తీగలుగా సాగుతుంది, అదే పనిని యంత్రపు బ్లేడుకు వదిలేస్తే పోగులు తెగి, రుచి ఉన్నా సాగుదల లేని ముద్ద మిగులుతుంది. గిరాకీ పెరిగే కొద్దీ యంత్రాల వైపు మొగ్గు చూపే దుకాణాలను తప్పుపట్టడం సులభమే గాని, ఉపవాసాలు విడిచే వేళకు వందల పళ్లేలు నింపవలసిన చోట రోకలి పట్టే చేతులు దొరకడం అంత సులభం కాదు.

పొయ్యిని నమ్ముకున్న దుకాణాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పురానీ హవేలీలో 1851లో మొదలైందని చెప్పే మున్షీ నాన్ దుకాణంలో నాలుగు కోణాల రొట్టెను తందూరు లోపలి గోడకు అతికించి కాలుస్తారు. దేశ విభజన తరువాత సింధు ప్రాంతం నుంచి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర నెలకొల్పిన కరాచీ బేకరీ పండు ముక్కల బిస్కెట్లతో దేశమంతటా తెలిసింది. ఇక ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు ఇరానీ చాయ్ పక్కన లేకపోతే సాదాసీదా బిస్కెట్టేనని దాని అభిమానులు కూడా ఒప్పుకోక తప్పదు.

తెలుగు పిండివంటలు అమ్మే స్వగృహ దుకాణాల దారి ఇందుకు పూర్తిగా భిన్నం. ఒకప్పుడు ఇంట్లోనే జరిగి, ఇప్పుడు తీరిక లేక ఆగిపోయిన పనిని అవి చేసిపెడుతున్నాయి. అరిసెలకు నానిన బియ్యాన్ని ఆరనివ్వకుండా తడి మీదే పిండి కొట్టాలి. బెల్లపు పాకం నీటి గిన్నెలో వేస్తే మెత్తని ఉండ కట్టే దశలో దించి పిండి కలపాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విరిగిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. మంచి స్వగృహ కొట్టుకూ నాసి కొట్టుకూ తేడా చాలావరకు ఈ తడిపిండి దగ్గరే తేలిపోతుంది, ఎందుకంటే నిలవ ఉన్న పొడి పిండితో పని తేలికే గాని అరిసెకు మృదుత్వం రాదు.

పూతరేకుల విషయంలో దుకాణం పాత్ర ఇంకా చిన్నది. కోనసీమలోని ఆత్రేయపురం మహిళలు పలుచని బియ్యపు పిండి నీటిలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండపై ఒక్కసారి లాగి తీసే ఆ రేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేర్పంతా అక్కడే ముగుస్తుంది కనుక, నగరంలోని దుకాణదారు చేయగలిగినదల్లా చేయి తిరిగినవారి దగ్గర కొనడం, తేమ తగలకుండా కాపాడడం, త్వరగా అమ్ముడయ్యేంత సరుకే తెప్పించడం. విదేశాలకు వెళ్లేవారి కోసం ఈ దుకాణాలు ప్రత్యేకంగా కట్టి ఇచ్చే పొట్లాల్లో పచ్చళ్లు, పొడులు, జంతికలు, సున్నుండలు నిశ్చింతగా ప్రయాణిస్తాయి; పూతరేకులకు మాత్రం అట్టపెట్టెతో పాటు దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లే ఓపిక గల ప్రయాణికుడు కూడా కావాలి.