పటం కోస్తే కథ మిగలదు

మన మాటలో రాస్తే ఎవరు చదువుతారు? అందరి కోసం రాస్తే అందులో మనం ఉంటామా? మన గిరిజన యువ రచయితలను వెంటాడే ప్రశ్నలివి.

మన సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాశీ పటాన్నే చూడండి. ఒకప్పుడు కథకులు ఆ పొడవాటి పటాన్ని విప్పుతూ ఊరూరా కులపురాణం చెప్పేవారు. ఎర్రటి నేల మీద బొమ్మ వెంట బొమ్మ నడిచేది. ఇప్పుడు కొనేవాళ్లు మారారు. గోడకు తగిలించే చిన్న బొమ్మలే ఎక్కువయ్యాయి. దాంతో కళాకారుడికి కూడు దొరికింది, అది చిన్న మేలు కాదు. కానీ ఒంటి బొమ్మ పురాణం చెప్పలేదు.

మన రచనలోనూ ఆ ప్రమాదం ఉంది. తండా అంటే అద్దాల రవిక, తీజ్ పాట మాత్రమే అనుకునే పాఠకుడి కోసం రాస్తే ఆ ముక్కలే మిగులుతాయి. అప్పు, వలస, భూమి తగాదా బయటే ఉండిపోతాయి.

రమేశ్ కార్తీక్ నాయక్ తెలుగులో రాసిన బంజారా కథలకు ‘ఢావ్లో’ అని గోర్‌బోలి పేరే పెట్టారు. 2024లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తెలియని మాట పాఠకుణ్ణి తరిమేయదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే పేరొక్కటే మనదైతే చాలదు, లోపలి బతుకూ మనదే కావాలి. కొత్త మాటకు పక్కన అర్థం రాయనక్కర్లేదు, వాక్యమే దాన్ని విప్పి చెప్పాలి. ఆ నేర్పు సాధనతో వస్తుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లవాడు ‘యాడి’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టి ‘అమ్మ’ అని దిద్దకండి.