పిల్లల స్లైడు పాఠాలు: బొమ్మ చేయవలసిన పని

ఇటీవల మన ధార్మిక తరగతులలో నల్లబల్ల స్థానాన్ని ప్రొజెక్టరు ఆక్రమిస్తున్నది. నాచారం, ఉప్పల్ పరిసరాల మక్తబులలో పిల్లలకు చూపుతున్న కొన్ని స్లైడు పాఠాలను పరిశీలించే అవకాశం ఈ వ్యాసకర్తకు లభించింది. వాటిని తయారుచేసిన వారి శ్రద్ధ ప్రశంసనీయమే. కాని ఆ పాఠాలు పిల్లలకు ఎంతవరకు ఉపకరిస్తున్నాయన్నది విచారించవలసిన విషయం.

ఒక్కొక్క స్లైడుపై ఎనిమిది, పది వాక్యాలు ఉంటున్నాయి. పైన అరబీ, నడుమ ఉర్దూ, కింద తెలుగు. ఉపాధ్యాయుడు వాటినే చదివి వినిపిస్తాడు. చదవగల పిల్లవాడు ఆయనకన్నా ముందే ముగించి దిక్కులు చూస్తాడు. చదవలేనివాడు ఎక్కడున్నామో తెలియక వెనుకబడతాడు. ఈ విసుగును పోగొట్టడానికి అంచులలో మెరిసే నక్షత్రాలు, ఎగిరివచ్చే అక్షరాలు చేర్చుతున్నారు. పిల్లల చూపు నక్షత్రాల మీద నిలుస్తుందే తప్ప పాఠం మీద నిలవదు.

అమెరికా పండితుడు ఎడ్వర్డ్ టఫ్టీ 2003లో పవర్‌పాయింట్‌పై వెలువరించిన విమర్శలో బడిపిల్లలు తయారుచేసే స్లైడులను ప్రస్తావించాడు. వారం రోజుల శ్రమకు ఫలితం సుమారు 80 మాటలని, అవి మౌనంగా చదివితే 15 సెకన్లలో ముగుస్తాయని ఆయన ఆక్షేపణ. అక్కడ మాటలు తక్కువ, మన వద్ద ఎక్కువ. అయినా మూలదోషం ఒక్కటే: కాగితం చేయవలసిన పనిని స్లైడుకు అప్పగించడం.

మరి బొమ్మ చేయవలసిన పని ఏమిటి? ఇందుకు మనం దూరం పోనక్కరలేదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. దైవప్రవక్త (స) ఒక చతురస్రం గీశారు. దాని నడుమ నుండి వెలుపలికి సాగిపోయే ఒక గీత గీశారు. ఆ గీత పక్కన చిన్న చిన్న గీతలు గీశారు. ఆ తరువాత వివరించారు: నడుమ ఉన్నవాడు మానవుడు, చుట్టూ ఆవరించినది అతని ఆయుష్షు, వెలుపలికి సాగినది అతని ఆశ, చిన్న గీతలు ఆపదలు. ప్రాణుల చిత్రాలు లేవు, రంగులు లేవు. బొమ్మపై ఒక్క అక్షరమైనా లేదు. చూసినవారి మనసులో ‘ఇది ఏమిటి?’ అనే ప్రశ్న లేచింది. దానికి జవాబు నోటిమాట ద్వారా అందింది.

ఈ పద్ధతిని ఖిబ్లా పాఠానికి అన్వయించి చూద్దాం. సర్వేయర్లకు శిక్షణనిచ్చే సర్వే ఆఫ్ ఇండియా సంస్థ ఉప్పల్‌లోనే ఉన్నది. పటం, దిక్కు అనేవి ఇక్కడి పిల్లలకు పరాయి విషయాలు కావు. స్లైడుపై నాచారం నుండి మక్కాకు ఒక గీత, పడమరకు ఒక గీత చాలు. ‘సూర్యుడు అస్తమించే చోటే ఖిబ్లాయా?’ అని ఉపాధ్యాయుడు అడగాలి. మన ఊరి నుండి ఖిబ్లా నేరుగా పడమర కాదు, ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. సూర్యుడు డిసెంబరులో పడమరకు దక్షిణంగా, జూన్‌లో ఉత్తరంగా దాదాపు 25 డిగ్రీల దూరాన అస్తమిస్తాడు. ఏప్రిల్ 21, ఆగస్టు 21 ప్రాంతాలలో మాత్రం ఇంచుమించు ఖిబ్లా దిక్కునే అస్తమిస్తాడు. దీనిని పిల్లలు మేడపైకెక్కి తామే సరిచూసుకోవచ్చు. అంతకు మించిన ఆకర్షణ ఏ మెరుపులో ఉన్నది?

భాష విషయమూ ఇంతే. ఇంట ఉర్దూ మాట్లాడినా ఆ లిపి చదవలేని పిల్లలు మనలో అనేకులు. తెరపై మూడు లిపులు పేర్చితే మూడు భాషలు వచ్చినట్లు కాదు. ఆయతు అరబీలో ఉండనివ్వండి, అదొక్కటే ఉండనివ్వండి. దాని భావం ఉపాధ్యాయుడు పిల్లలకు అర్థమయ్యే భాషలో, వారి ముఖాలు చూస్తూ చెప్పాలి. అనువాదకుడు ఎవరి కోసం అనువదిస్తున్నాడో ఎరిగి ఉండాలన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ధర్మమంటే గోడమీద కనిపించే వాక్యాలను విని ఊరకుండడమని పిల్లలు అనుకుంటే, రేపు వారికి సందేహం కలిగినప్పుడు మన వద్దకు రారు. స్లైడు తయారుచేసే సోదర సోదరీమణులు ప్రతి స్లైడు వద్ద ఒక్కసారి ఆగి, దీనిని చూసి పిల్లవాడు ఏమి అడుగుతాడని ఆలోచించగలరు. జవాబు తోచకపోతే ఆ స్లైడును తొలగించడమే మేలు.